హాలు పర్దా, ఇంటి పర్దా: మన పశ్చిమ ప్రకాశం ఖాందాన్లు సినిమా ఎక్కడ చూశాయి, ఎందుకు చూశాయి

ఉర్దూలో సినిమా తెరని పర్దా అంటాం. జనానాకి అడ్డంగా కట్టే గుడ్డనీ పర్దా అనే అంటాం. మార్కాపురం, కంభం, గిద్దలూరు ముస్లిం ఇళ్ళలో సినిమా చూసిన తవారీఖ్ అంతా ఈ రెండు పర్దాల మధ్యనే నడిచింది. దాన్ని ఎవరూ రాసిపెట్టలేదు. సినిమా చరిత్ర రాసేవాళ్ళకి మన ఊళ్ళు పట్టవు. మన ఊళ్ళ చరిత్ర రాసేవాళ్ళకి చెన్నకేశవస్వామి గుడి, కంభం చెరువు, పలకల గనులు రాసేసరికి కాగితం నిండిపోతుంది.

"ఈమధ్య హాలుకి ఎందుకు పోవట్లేదు?" అని ఎవర్ని అడిగినా ఇవాళ జవాబు ఒకటే. టికెట్టు ధర, ఇంటర్వెల్లో తినేవాటి ధర, ఇంట్లో పెద్ద టీవీ, చేతిలో ఫోను, నాలుగు వారాలు ఆగితే అదే సినిమా ఇంటికే వస్తుందన్న ధీమా. ఇవేవీ అబద్ధం కాదు. కానీ మన ఇళ్ళకి సంబంధించినంతవరకు ఇది సగం జవాబే. నేల టికెట్టు పైసల్లో ఉన్న కాలంలో కూడా మన ఖాందాన్లలో సగంమంది హాలు గడప తొక్కలేదు. అప్పు చేసి వీడియో అద్దెకి తెచ్చుకున్న ఇళ్ళు మాత్రం ఉన్నాయి. అంటే హిసాబ్ పైసలది మాత్రమే కాదు. పక్కన ఎవరు కూర్చుంటారు, మనం వెళ్తుంటే ఎవరు చూస్తారు అన్నది అసలు మసలా. హాలా, ఇల్లా అన్న ప్రశ్నకి మనవాళ్ళు ప్రతి కాలంలోనూ ఈ రెండు చూసుకునే జవాబు చెప్పారు.

సినిమా హలాలా, హరామా అన్న మాట ఇక్కడ ఎత్తడం లేదు. ఫత్వా ఇవ్వడానికి నేను ఆలిమ్‌ని కాను. ఉలమాలో చాలామంది వద్దన్నారు, జనంలో చాలామంది చూశారు. ఈ రెండూ నిజమే. నేను చెప్పేది చూసినవాళ్ళ ఖిస్సా.

గుడారం రోజులు

హిందుస్తాన్‌లో మొదటి సినిమా ప్రదర్శన 1896 జూలై 7న బొంబాయి వాట్సన్ హోటల్లో జరిగింది. మొదటి టాకీ 'ఆలం ఆరా' 1931 మార్చి 14న అదే బొంబాయిలో మెజెస్టిక్ థియేటర్లో విడుదలైంది. పార్సీ నాటకాల ఉర్దూ జబాన్‌లో పుట్టిన సినిమా అది. మరుసటి ఏడాది 1932లో తెలుగు 'భక్త ప్రహ్లాద' వచ్చింది. అప్పటికి మన ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో కర్నూలు జిల్లా. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చి కర్నూలు రాజధాని అయినప్పుడు మార్కాపురం, గిద్దలూరు రాజధాని జిల్లాలోనే ఉన్నాయి. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు కర్నూలు నుంచి విడదీసి ఇటు కలిపారు. 1972లో దానికి ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు.

1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదులుకున్న దత్తమండలాల్లో ఈ నేల ఒక ముక్క. ఆ వదులుకోవడానికి ఇంగ్లీషులో వాడిన మాట నుంచే 'సీడెడ్' వచ్చింది. ఇవాళ్టికీ సినిమా వ్యాపారులు రాయలసీమని 'సీడెడ్ ఏరియా' అంటారు. పెద్ద హీరో సినిమా సీడెడ్‌లో ఎన్ని కోట్లు చేసిందని కుర్రాళ్ళు వాదించుకుంటున్నప్పుడు, వాళ్ళు పలికేది నిజాం రాసిచ్చిన సంధిపత్రంలోని మాట అని గుర్తు చేయాలనిపిస్తుంది.

పల్లెలకి, చిన్న ఊళ్ళకి సినిమా మొదట వచ్చింది టూరింగ్ టాకీస్ రూపంలో. కొన్నాళ్ళకే ఇచ్చే లైసెన్సు, ఒక గుడారం, ఒక ప్రొజెక్టరు. ఒకే ప్రొజెక్టరు కాబట్టి రీలు అయిపోయినప్పుడల్లా ఆట ఆగేది. మగవాళ్ళకి, ఆడవాళ్ళకి మధ్య తడికో, మట్టిగోడో, ఒక తాడో అడ్డంగా ఉండేది. నేల, బెంచి, కుర్చీ. ఆట మొదలయ్యే ముందు మైకులో ఘంటసాల వేంకటేశ్వర స్తుతి వినబడితే ఊరంతటికీ గంట కొట్టినట్టే. చాలా ఊళ్ళలో అజాన్ వేళకి టాకీసువాళ్ళు రికార్డు ఆపేవారని పెద్దలు చెబుతారు. ఎవరో హుకుం ఇస్తే జరిగింది కాదది, పక్కపక్కన బతికేవాళ్ళ లిహాజ్.

గుడారానికి ఒక మజ్‌బూరీ ఉంది. చీకటి పడితేగాని బొమ్మ కనబడదు. అంటే ఉండేది ఫస్టు షో, సెకండు షో మాత్రమే. ఫస్టు షో మగ్రిబ్ నమాజుని మింగేస్తుంది. సెకండు షోకి పోవాలంటే ఇషా కాగానే బయల్దేరి అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరాలి. మగవాళ్ళలో షౌఖ్ ఉన్నవాళ్ళు ఇషా చదువుకుని, చెప్పులు చేత పట్టుకుని వెనక తలుపులోంచి వెళ్ళొచ్చారు. ఆడవాళ్ళకి ఆ దారి లేదు. పొలం పనికి, పలకల పనికి పగలంతా బయట తిరిగే పేద ఇళ్ళ ఆడవాళ్ళు ఇరుగుపొరుగు హిందూ ఆడవాళ్ళతో కలిసి గుంపుగా నేల టికెట్టుకి వెళ్ళేవారు. పర్దా పాటించే స్తోమత ఉన్న ఇళ్ళ ఆడవాళ్ళకే సినిమా దూరమైంది. డబ్బున్న ఇల్లు సినిమా ముందు గరీబ్ అయింది.

మ్యాట్నీ ఇచ్చిన ఇజాజత్

పక్కా హాళ్ళు కట్టాక ఈ లెక్క మారింది. నాలుగు గోడలు, పైన రేకులో స్లాబో పడ్డాయి కాబట్టి పగలే చీకటి చేయొచ్చు. మ్యాట్నీ పుట్టింది. మన ఇళ్ళ ఆడవాళ్ళ తవారీఖ్‌లో మ్యాట్నీకి దక్కాల్సినంత పేరు దక్కలేదు.

రెండున్నర ఆట అంటే జుహర్ చదువుకుని, మగవాళ్ళకి అన్నాలు పెట్టి, గిన్నెలు కడిగి బయల్దేరవచ్చు. అసర్ వెనకాముందూ అయినా మగ్రిబ్‌కి ఇంట్లో ఉండొచ్చు. దీపాలు పెట్టే వేళకి ఆడపిల్ల ఇంట్లో ఉండాలన్న ఖాయిదా తప్పదు. ఆడవాళ్ళకి వేరే టికెట్టు కిటికీ, వేరే గేటు. బుర్ఖాల గుంపులో ఫలానా ఇంటి కోడలెవరో గేటు దగ్గర నిలబడ్డ మొహల్లా మనిషికి తెలియదు. జుమా రోజు మాత్రం ఇబ్బంది. కొత్త సినిమా శుక్రవారమే వస్తుంది, మగవాళ్ళు జామా మసీదు నుంచి వచ్చే వేళకే మ్యాట్నీ గంట. అందుకే శనివారం మ్యాట్నీకి పర్మిషన్ అడగడం తేలిక.

ఈ బయల్దేరడం ఒక్కరి పని కాదు. ఖాలా, భాబీ, ఎదురింటి ఆపా, వాళ్ళ పిల్లలు, తోడు ఒక ముసలి దాదీ. దాదీ లేకపోతే ఇజాజత్ లేదు. సినిమా ఏదైనా దాదీకి ఫరక్ లేదు, సగం సేపు నిద్రే. కానీ ఆమె పక్కన కూర్చుంటే అందరి ఇజ్జత్ భద్రం. హాలుకి వెళ్ళాలా వద్దా అన్నది బొమ్మ ఎంత పెద్దది, కుర్చీ ఎంత మెత్తన అన్న లెక్కతో తేలలేదు, తోడుకి దాదీ దొరుకుతుందా లేదా అన్న లెక్కతో తేలింది.

ఏ జబాన్ సినిమా?

మన ప్రాంతంలో ముస్లింలంటే ఒకే మూస కాదు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే ఖాందాన్లున్నాయి. ఇంట్లో తెలుగే మాట్లాడే నూర్‌బాషా, దూదేకుల ఇళ్ళున్నాయి. జేజి అనేవాళ్ళూ, దాదీ అనేవాళ్ళూ ఒకే ఊళ్ళో ఉన్నారు. ఈ తేడా సినిమా దగ్గర బాగా కనబడింది.

తెలుగు ఇంటి భాషైనవాళ్ళకి హాలు సొంత ఇల్లే. ఎన్టీఆర్, ఏఎన్నార్ సినిమా ఏది వచ్చినా చూశారు. ఉర్దూ ఇళ్ళవాళ్ళకి హాల్లో దొరికింది వేరే రుచి. తెలుగు సినిమా అప్పట్లో మన కథల్ని ప్రేమగా చెప్పుకుంది. భానుమతి, అక్కినేనిల 'లైలా మజ్ను' 1949లో వచ్చింది. 1955లో 'అనార్కలి'. ఆ కథకి మూలం ఇమ్తియాజ్ అలీ తాజ్ 1922లో రాసిన ఉర్దూ నాటకం. ఉర్దూ దాస్తాన్లలో, మస్నవీల్లో మషూరైన గుల్-ఎ-బకావలి కథతో ఎన్టీఆర్ 'గులేబకావళి కథ' 1962లో వచ్చింది. మహమ్మద్ రఫీ ఎన్టీఆర్‌కి తెలుగులో పాడారు: 1969 'భలే తమ్ముడు', 1976 'ఆరాధన', ఆ తర్వాత 'అక్బర్ సలీం అనార్కలి'. రఫీ సాబ్ తెలుగు ఉచ్చారణలో తడబాటుని మనవాళ్ళు ముద్దుగా విన్నారు. మన ఇళ్ళలో ఎంతోమంది తెలుగు పలికే తీరే అది.

అసలు ప్యాస్ మాత్రం హిందీ సినిమా మీద ఉండేది. 1960 'మొగల్-ఎ-ఆజం', అదే ఏడాది 'చౌద్వీ కా చాంద్', 1963 'మేరే మెహబూబ్', 1972 'పాకీజా', 1982 'నికాహ్'. ఇవి చిన్న ఊరి హాలుకి ఆలస్యంగా, అరిగిపోయిన ప్రింటుతో, కొద్ది రోజులకి వచ్చేవి. నంద్యాలకో కర్నూలుకో చుట్టాలింటికి పోయినవాళ్ళు అక్కడ చూసొచ్చి నెలరోజులు ఖిస్సా చెప్పేవాళ్ళు. తలాక్ కథ చెప్పిన 'నికాహ్' మీద మన మగవాళ్ళు చేసిన బహస్ కంటే, ఆడవాళ్ళు వంటింట్లో చేసిన బహస్ పెద్దది.

చెవులతో చూసిన సినిమా

'ఇంట్లో సినిమా' అనగానే టీవీ గుర్తొస్తుంది. మన జనానాలోకి సినిమా అంతకు 30 ఏళ్ళ ముందే వచ్చింది, చెవుల గుండా. 1952లో కేంద్రమంత్రి కేస్కర్ ఆకాశవాణిలో సినిమా పాటలు వద్దన్నారు. అదే ఏడాది చివర్లో రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ గొంతుతో బినాకా గీత్‌మాలా మొదలైంది. సర్కారు వద్దన్న పాటలు సముద్రం అవతలి నుంచి మన వంటిళ్ళలోకి వచ్చాయి. 1957లో వివిధభారతి పెట్టి ఆకాశవాణి దారికొచ్చింది. మన వైపు విజయవాడ, కడప స్టేషన్లు పట్టుకునేవాళ్ళు. సంక్షిప్త శబ్దచిత్రం అని సినిమా మాటల్నీ పాటల్నీ గంటకి కుదించి వేసేవారు. బొమ్మ లేదు, పర్దా లేదు, గేటు దగ్గర చూసేవాళ్ళు లేరు. బియ్యంలో రాళ్ళేరుతూ, బీడీలు చుడుతూ, రజాయి కుడుతూ సినిమా 'చూశారు'.

ఉర్దూ చదవడం వచ్చిన ఇళ్ళకి ఢిల్లీ నుంచి 'షమా' పత్రిక వచ్చేది. 1939 నుంచి 1999 దాకా నడిచింది. ముందు పేజీల్లో సినిమా తారలు, లోపల కహానీలు, మధ్యలో ముఅమ్మా పజిల్. ఒక కాపీ నాలుగిళ్ళు తిరిగేది. మీనాకుమారిని తెర మీద ఒక్కసారి కూడా చూడకుండానే ఆమె జిందగీ అంతా చెప్పగల నానీలు మన మొహల్లాల్లో ఉన్నారు. హాలుకి పోకపోవడమంటే సినిమా వద్దనుకోవడం కాదు. హాలు వద్దన్న ఇల్లే సినిమాకి వేరే దారి తీసింది.

జిద్దా నుంచి వచ్చిన పెట్టె

1980ల్లో మూడు సంగతులు ఒకదాని వెంట ఒకటి జరిగాయి.

మొదటిది పన్ను. అప్పటిదాకా అమ్మిన టికెట్టు మీద వినోదపు పన్ను. 1984 జనవరి 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో పద్ధతి మారింది. ఎన్ని టికెట్లు తెగాయన్నది కాదు, హాలు నిండితే ఎంత వస్తుందో ఆ మొత్తం మీద పన్ను. జనం 'శ్లాబు' అన్నది దీన్నే. హాలు ఏసీదా, ఎయిర్ కూలర్లదా, మామూలుదా, ఊరు మునిసిపాలిటీయా, పంచాయతీయా అన్నదాన్ని బట్టి రేటు. హాళ్ళవాళ్ళు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు, 1993లో కోర్టు సర్కారు పద్ధతినే నిలబెట్టింది. ఇది మనకెందుకంటారా? సగం ఖాళీ హాలుకీ నిండు హాలుకీ ఒకటే పన్ను అయినప్పుడు, ఊళ్ళో పాతిక ముస్లిం ఇళ్ళు మాత్రమే చూసే పాత హిందీ సినిమా వేసే ధైర్యం హాలు యజమానికి ఎక్కడిది? హాలు నింపే తెలుగు మాస్ సినిమాయే గతి. పన్ను చట్టం రాసినవాళ్ళ మనసులో మనం లేం. కానీ మన జబాన్ హాల్లోంచి బయటికి రావడంలో ఆ చట్టానికీ హిస్సా ఉందని నా అంచనా.

రెండోది దూరదర్శన్. 1982లో రంగులొచ్చాయి. 1984లో దేశమంతా చిన్న ట్రాన్స్‌మిటర్లు పెట్టుకుంటూ పోయారు. వారాంతంలో హిందీ సినిమా, వారం మధ్యలో చిత్రహార్, హైదరాబాద్ నుంచి తెలుగులో చిత్రలహరి. హాలు ఇవ్వని హిందీ సినిమాని సర్కారే ఇంటికి పంపింది.

మూడోది వీసీఆర్. రాయలసీమ నుంచి, మన వైపు నుంచి గల్ఫ్‌కి పోయినవాళ్ళు సెలవుల్లో వస్తూ టేప్‌రికార్డరు, అత్తరు, కంబళ్ళతో పాటు వీసీఆర్ తెచ్చారు. ఇందులో ఒక చిత్రం ఉంది. ఆ డబ్బా కొన్నది జిద్దా, రియాద్, దమ్మామ్ బజార్లలో. సౌదీలో అప్పటికే సినిమా హాళ్ళు లేవు. 1980ల మొదట్లో మూతపడ్డ హాలు తలుపులు రియాద్‌లో మళ్ళీ తెరిచింది 2018 ఏప్రిల్ 18న. మధ్యలో 35 ఏళ్ళకి పైగా ఆ దేశం సినిమాని ఇంట్లోనే చూసింది. హాలు హరామ్, ఇంట్లో కేసెట్టు మామూలు. మనవాడు అక్కడి నుంచి తెచ్చింది ఒక మిషనే కాదు, ఆ ఆదత్ కూడా. 'పదిమందిలో చూడకూడదు, ఇంట్లో చూస్తే పరవాలేదు' అన్న ఖయాల్ మన మధ్యతరగతి ఇళ్ళలో బలపడింది ఈ రోజుల్లోనే.

వీసీఆర్ లేనివాళ్ళు అద్దెకి తెచ్చారు. ఒక రాత్రికి టీవీ, వీసీఆర్, మూడు కేసెట్లు. నికాహ్ ముందు రాత్రి, అఖీఖా అయిన రాత్రి, రంజాన్ పండగ రాత్రి. మొదటిది పిల్లల కోసం తెలుగు సినిమా, రెండోది హిందీ సోషల్, మూడోది నిద్ర ఆపుకోగలిగినవాళ్ళకి అమితాబ్. లోపల ఆడవాళ్ళు, వరండాలో మగవాళ్ళు, మధ్యలో గుమ్మానికి కట్టిన దుప్పటి. సినిమా పర్దాతో పాటు అసలు పర్దా కూడా ఒకే గదిలోకి వచ్చింది.

ఇల్లే హాలైన ఆదివారాలు

టీవీ వచ్చిన కొత్తలో 'ఇంట్లో చూడడం' అంటే ఒంటరిగా చూడడం కాదు. వీధికి ఒకటో రెండో టీవీలు. 1987 జనవరిలో రామాయణం మొదలైంది. 1988 అక్టోబర్ 2న మహాభారత్. మహాభారత్‌కి మాటలు రాసింది రాహీ మాసూమ్ రజా. అలీగఢ్‌లో ఉర్దూ చదివి, అక్కడే పాఠాలు చెప్పిన మనిషి. ఆదివారం పొద్దున ముస్లిం ఇంటి హాల్లో హిందూ పిల్లలు, హిందూ ఇంటి వరండాలో ముస్లిం పిల్లలు చాప మీద కూర్చుని చూసిన రోజులవి. 1988లో గుల్జార్ 'మీర్జా గాలిబ్', 1990లో 'టిప్పు సుల్తాన్' వచ్చాయి. టిప్పు రాత్రి మన మొహల్లాలో టీవీ ఉన్న ప్రతి ఇల్లూ టికెట్టు లేని హాలే.

గాలి వస్తే యాంటెన్నా తిప్పడానికి ఒకడు మిద్దె మీద. "వచ్చిందా?" "రాలే!" "ఇప్పుడు?" "ఆ, ఉండనీ, ఉండనీ!" కరెంటు పోతే అందరూ హాయిగా వీధిలోకి వచ్చి కథలో తర్వాత ఏమవుతుందో చెప్పుకునేవారు. ఇమామ్ సాబ్ ఇటుగా వస్తే టీవీ మీద అల్లిక గుడ్డ కప్పేవారు. ఆ గుడ్డకీ అప్పట్లో ఒక పర్దా హోదా.

1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి, కేబుల్ వైరు మిద్దెలు దాటింది. 2001 ఆగస్టు 15న ఈటీవీ ఉర్దూ. 2014లో జిందగీ ఛానల్ పాకిస్తాన్ డ్రామాలు తెచ్చినప్పుడు మన ఖాలాలు 'జిందగీ గుల్జార్ హై' కోసం వంట ముందే ముగించారు. అమ్మీజాన్ మాట్లాడే జబాన్ ఇంత అందంగా టీవీలో వినబడడం వాళ్ళకి ఈద్‌లా ఉంది. అయితే ఈలోగా ప్రతి ఇంటికీ టీవీ వచ్చింది. చాప మీద కూర్చునే పక్కింటి పిల్లలు రావడం మానేశారు.

పక్క సీటు మాట

హాలు వదిలేయడానికి మన ఇళ్ళలో పైకి చెప్పని కారణం ఒకటుంది. దాన్నీ చెప్పుకోవాలి.

1992లో 'రోజా', 1995లో 'బొంబాయి' వచ్చాయి. అప్పటినుంచి పర్దా మీద గడ్డం, టోపీ కనబడితే అది బాంబు పెట్టేవాడిదే అవుతుందేమోనన్న గుబులు మొదలైంది. లైలా మజ్ను, అనార్కలి తీసిన తెలుగు సినిమాలో మన పేర్లు మెల్లగా విలన్ అనుచరుల పేర్లయ్యాయి. 2002 'ఖడ్గం'లో ప్రకాశ్‌రాజ్ వేసిన అంజద్ పాత్రకి మనవాళ్ళు పొంగిపోయారు. దేశభక్తి నిరూపించుకోవాల్సిన పాత్రే అయినా, మనిషిలా కనిపించినందుకు.

హాల్లో బొమ్మ ఒక్కటే కాదు, పక్కవాడి నోరు కూడా వినబడుతుంది. విలన్ పేరు సలీమో కరీమో అయినప్పుడు వెనక బెంచీలోంచి వచ్చే మాట వినబడుతుంది. పక్కన ఎనిమిదేళ్ళ కొడుకు తండ్రి ముఖం వైపు చూస్తాడు. ఇంట్లో అయితే ఛానల్ మార్చొచ్చు. హాల్లో మధ్యలో లేచిపోతే అదొక రకం, కూర్చుంటే ఇంకో రకం. 2022లో 'ది కశ్మీర్ ఫైల్స్' ఆడినప్పుడు దేశంలో కొన్ని హాళ్ళలో జనం లేచి నినాదాలు చేసిన వీడియోలు ఫోన్లలో తిరిగాయి. 2024లో తెలుగులోనే 'రజాకార్' వచ్చింది. అలాంటి వారాల్లో "హాలు వద్దులే, ఇంట్లో చూద్దాం" అన్న మాట ధర గురించి అన్నది కాదు.

రెండో వైపు కూడా నిజమే. అదే హాల్లో, అదే బెంచీలో, చిరంజీవి డాన్సుకి మన కుర్రాడూ ఎదురువీధి కుర్రాడూ ఒకే ఈల వేశారు. అభిమాన సంఘం బ్యానరు మీద ఫొటోల్లో మస్తాన్, వెంకటేశ్వర్లు, సుభానీ, యేసయ్య పక్కపక్కన ఉన్నారు. పలకల ఫ్యాక్టరీలో వారమంతా రాతిపొడి పీల్చిన మనిషికి వారం కూలి రోజున సెకండు షో ఒక్కటే తమాషా. అక్కడ అతన్ని ఎవరూ నీ కులం, నీ మజహబ్ ఏదని అడగలేదు. ఊరు మొత్తం ఒకే చీకట్లో, ఒకే చోట నవ్వే జాగా హాలు తప్ప మరొకటి లేదు. జాతరకి, ఉరుసుకి తప్ప మనం అలా కలిసి కూర్చోం. హాలు వదులుకున్నవాళ్ళం, పక్క సీటు చెడ్డమాటతో పాటు పక్క సీటు దోస్తీని కూడా వదులుకున్నాం.

అరచేతి పర్దా

2016 సెప్టెంబర్ 5న జియో వచ్చింది. అంతవరకు వీధికి, తర్వాత ఇంటికి ఉన్న తెర మనిషికొకటి అయింది. 2020 మార్చిలో కరోనాతో హాళ్ళన్నీ మూతపడ్డాయి. అదే నెలలో తెలుగు ఓటీటీ 'ఆహా' మొదలైంది. ఏప్రిల్ 25న రంజాన్ వచ్చేసరికి మసీదులకీ తాళమే. ఆ రంజాన్‌లోనే పాకిస్తాన్ టీవీ తుర్కీ సీరియల్ 'ఎర్తుగ్రుల్'ని ఉర్దూలో వేయడం మొదలుపెట్టింది, యూట్యూబ్ దాన్ని మన ఇళ్ళకి తెచ్చింది. సినిమా ముట్టని ఇళ్ళలో కూడా తరావీహ్ ఇంట్లోనే చదువుకుని ఎర్తుగ్రుల్ చూశారు. ఇంట్లో కొత్తగా పుట్టిన పిల్లాడికి ఆ పేరు పెడదామన్నవాళ్ళూ ఉన్నారు. అందరూ కలిసి ఒకే తెర చూసిన ఆఖరి నెలలేమో అవి.

సర్కారు మాత్రం ఈ ప్రశ్న అంతా టికెట్టు ధరలోనే ఉందనుకుంది. 2021 ఏప్రిల్‌లో ఇచ్చిన జీవో 35 ప్రకారం గ్రామ పంచాయతీలో ఏసీ లేని హాల్లో అడుగు తరగతి టికెట్టు 5 రూపాయలు. టీ కంటే చవక. 2022 మార్చిలో జీవో 13తో దాన్ని మార్చి, కనీసం 20, గరిష్ఠం 250 అన్నారు. అదే ఏడాది ఆగస్టులో తెలుగు నిర్మాతలు షూటింగులు ఆపి కూర్చున్నారు. హాలు నుంచి ఓటీటీకి పోవడానికి వ్యవధి పెంచాలన్నది వాళ్ళ మాటల్లో ఒకటి. ధర, వ్యవధి, రెండూ అవసరమైన మాటలే. ఏ జీవోలోనూ దాదీ ఊసు లేదు.

ఇప్పుడు మన ఇళ్ళ సంగతి చూడండి. ఆడపిల్లని హాలుకి పంపం. "ఇంట్లో ఉంది, మెహఫూజ్‌గా ఉంది" అంటాం. ఆ అమ్మాయి చేతిలో ఫోను, చెవిలో ఇయర్‌ఫోను. కొడుకు ఫోను ఇంకో గదిలో. అబ్బా ఫోనులో వార్తల గోల, అమ్మీ ఫోనులో వంటలు, నాత్‌లు, బయాన్లు, మధ్యలో సీరియల్. మ్యాట్నీకి తోడు లేనిదే కదలనివ్వని ఇల్లే, ఇవాళ 12 ఏళ్ళ పిల్లాడిని లోకంలోని అన్ని సినిమాల ముందు ఒంటరిగా వదిలేసింది. తలుపు మూసుకున్న ఆ గదిలో ఎవరేం చూస్తున్నారో గేటు దగ్గర చూసే మొహల్లా లేదు, పక్కన కూర్చునే దాదీ లేదు. వందేళ్ళుగా మనల్ని హాలుకీ ఇంటికీ మధ్య తిప్పిన 'పక్కన ఎవరు' అన్న ప్రశ్న, ఫోను దగ్గరికొచ్చేసరికి ఎవరూ అడగకుండానే ఆగిపోయింది.

పాత కాలమే బాగుందని నేను అనను. పాత కాలంలో సగంమంది ఆడవాళ్ళు చెవులతోనే సినిమా చూశారు. ఫోను వాళ్ళకి ఇచ్చిన ఆజాదీ చిన్నది కాదు. ఏది చూడాలో ఎంచుకునే హక్కు మన ఇళ్ళలో కోడలికి మొదటిసారి దక్కింది. దాన్ని మళ్ళీ గుంజుకోమని చెప్పేవాళ్ళతో నాకు ఇత్తెఫాక్ లేదు. నేను అడిగేది వేరే. వారానికి ఒక రాత్రి, ఇషా అయ్యాక, ఫోన్లు పక్కన పెట్టి ఇంట్లోని టీవీ ముందు అందరూ కూర్చోవడం కష్టమా? ఏ సినిమా అన్నది ఒక వారం దాదీ చెప్పాలి, ఒక వారం కూతురు చెప్పాలి. పండక్కి ఒకసారి, సినిమా మంచిదని తెలిస్తే, ఖాందాన్ మొత్తం ఊళ్ళో హాలుకి మ్యాట్నీకి పోవాలి. పక్క సీట్లో ఎదురువీధివాళ్ళుంటే సలాం, నమస్కారం చెప్పుకోవాలి. మనం ఖాళీ చేసిన సీట్లో కూర్చున్నవాడికి మనమెవరో తెర చెప్పిందే తెలుస్తుంది.

ఈ జుమా తర్వాత ఇంట్లో నానీనో జేజినో పక్కన కూర్చోబెట్టుకుని రెండు ప్రశ్నలు అడగండి. నువ్వు మొదట చూసిన సినిమా ఏది? అప్పుడు నీ పక్కన ఎవరు కూర్చున్నారు? జవాబులు ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి, తేదీ వేసి. మొదటి ప్రశ్నకి జవాబు మరచిపోయి ఉండొచ్చు. రెండో ప్రశ్నకి మాత్రం పేర్లతో సహా చెబుతారు.